ఒకావిడ అనుకుందాం

మా మరిది ఏం చదువుతున్నాడని ఎవరైనా అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పేవాళ్లు. మా అత్త "ఇంజనీరండి" అని అక్కడితో ఆపేసేది. మా ఆయన "మద్రాసులో ఏదో పై చదువు" అని కండువా దులుపుకొని లేచేవారు. నేను మాత్రం ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. "మా వాడు రాచపుండుకి లెక్కలు కడతాడండి. పుండుకి మందు కట్టేవాళ్లని చూశాం గాని, లెక్క కట్టేవాణ్ణి చూడడం ఇదే మొదలు."

అది నిజమే. వాడు మొదట యంత్రాల ఇంజనీరింగు చదివాడు. ఆ తరువాత మనిషి ఒళ్లు కూడా ఒక యంత్రమే అన్నట్టు దాని మీద పడ్డాడు. ఒంట్లో క్యాన్సరు కణాలు ఎంత తొందరగా పెరుగుతాయి, వాటిని చంపడానికి ఒంట్లోనే ఉన్న కాపలా కణాలు ఎంత తొందరగా వస్తాయి, చివరికి ఎవరిది పైచేయి అవుతుంది, ఇదంతా కత్తి పట్టకుండా, సూది గుచ్చకుండా, కాగితం మీద సమీకరణాలు రాసి తేల్చాలని వాడి పట్టుదల. రేపల్లెలో ఈ సంగతి ఎవరికి ఎక్కుతుంది? సెలవులకి వచ్చినప్పుడల్లా మా అత్త పాడైపోయిన రేడియో తెచ్చి వాడి ముందు పెట్టేది. వాడు దాన్ని బాగు చెయ్యలేకపోయేవాడు.

"ఇంజనీరువి కదరా" అని ఆవిడ.

"అది వేరమ్మా" అని వాడు.

"పోనీ రేడియోకి క్యాన్సరొచ్చిందనుకొని చూడు మరిదీ" అని నేను.

వదినా మరుదుల మధ్య వేళాకోళం మా వైపు తప్పు కాదు, ఒక రకంగా బాధ్యత. నేను కాపురానికి వచ్చేనాటికి వాడింకా నిక్కర్లు వేసుకొని తిరుగుతున్నాడు. వాడి నడక మీద, తరువాత వాడి కళ్లద్దాల మీద, ఆ తరువాత వాడి ఇంగ్లీషు మీద, దేన్నీ నేను వదిలిపెట్టలేదు. ఒక్క లెక్కల జోలికి మాత్రం పోయేదాన్ని కాదు. నాకూ లెక్కలకీ పడదు. తెనాలిలో మా పుట్టింటి దగ్గర బడిలో లెక్కల మాస్టారు నల్లబల్ల మీద సుద్దముక్క ఆనించి "ఎక్స్ అనుకుందాం" అనేవారు. "ఎందుకనుకోవాలి మాస్టారూ, అదెంతో తెలిసినవాళ్లు ఊళ్లో ఒకరైనా ఉంటారు, వెళ్లి అడిగొస్తే పోలా" అన్నాను ఒకరోజు. క్లాసంతా నవ్వింది. ఆయన నన్ను బయట నిలబెట్టారు. ఆ ఏడే నేను పెద్దమనిషినయ్యాను, బడి మాన్పించేశారు. కాబట్టి ఆ ఎక్స్ ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

డెబ్భై రెండు చివర, ప్రత్యేకాంధ్ర గొడవలు జరుగుతున్న చలికాలం అది. నాకింకా ముప్ఫై నిండలేదు. ఇద్దరు పిల్లలు. ఒకరోజు పొద్దున దొడ్లో తడికల గదిలో స్నానం చేస్తూ ఒళ్లు రుద్దుకుంటుంటే, ఎడమ రొమ్ము పక్కన, చంక వైపుగా వేలికి ఏదో తగిలింది. సబ్బు పెచ్చు అంటుకుందేమో అనుకున్నాను. నీళ్లు పోసుకున్నాను. మళ్లీ తడిమాను. అది పైన లేదు, లోపల ఉంది. కుంకుడుగింజంత. గట్టిగా నొక్కినా నొప్పి లేదు.

నొప్పి లేదని తెలిశాకే నాకు భయం పుట్టింది. మా పెద్దమ్మకి కూడా మొదట నొప్పి లేదు.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. తెనాలిలో మా ఇంట్లోనే వెనక గదిలో పోయింది. నేనప్పుడు చిన్నపిల్లని. ఆ జబ్బు పేరు ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. 'అది' అనేవాళ్లు. ఆవిడకి విడిగా ఒక కంచం, విడిగా ఒక గ్లాసు, విడిగా ఒక చాప. అంటుకుంటుందని ఎవరు చెప్పారో తెలియదు గాని అందరూ నమ్మారు. గుమ్మానికి వేపమండలు కట్టారు. ఆ వేపాకు వాసనలోంచి కూడా ఇంకో వాసన వచ్చేది. నేను మజ్జిగ తీసుకెళ్లి గడప మీద పెట్టి, వేలితో లోపలికి నెట్టి, వెనక్కి జరిగి నిలబడేదాన్ని. ఆవిడ కొంగు గట్టిగా కప్పుకొని "ఏదన్నా నవ్వుల మాట చెప్పిపోవే" అనేది. చెప్పేదాన్ని. మాస్టార్ల నడకలు నడిచి చూపించేదాన్ని. ఆవిడ నవ్వేది. నవ్వితే దగ్గు వచ్చేది. నాకు ఈ నోరు అక్కడే అబ్బిందేమో. ఆవిడకి ఫలానా జబ్బని ఎవరూ చెప్పలేదు. ఆవిడా ఎవర్నీ అడగలేదు. చివరి రోజు దాకా గడ్డ తగ్గుముఖం పట్టిందనే చెప్పారు.

స్నానం చేసి వచ్చి నేను చేసిన మొదటి పని, అటక మీద నుంచి ఒక పాత ఇత్తడి గ్లాసు దించి తోముకొని నాకని విడిగా పెట్టుకోవడం. ఆ రాత్రి నుంచి మా చిన్నదాన్ని వాళ్ల నాయనమ్మ పక్కన పడుకోబెట్టాను. అది నా కొంగు వదల్లేదు. "నువ్వు గుర్రంలా తంతున్నావే, నాయనమ్మ దుప్పటి మందం, ఆవిడకి తగలదు" అన్నాను. అది నవ్వి వెళ్లింది. నేను గోడ వైపు తిరిగి, చెయ్యి అటు పోకుండా దిండు కింద పెట్టుకొని పడుకున్నాను.

మా అత్త గ్లాసు చూడనే చూసింది. "ఏంటమ్మాయ్, కొత్తగా ఇత్తడి దించావు?"

"స్టీలు గ్లాసులో నీళ్లు చప్పగా ఉంటున్నాయత్తయ్యా. మీ తరం వాళ్లకి ఇంత బలం ఇత్తడి వల్లే వచ్చిందంట."

ఆవిడ పొంగిపోయి తనకీ ఒకటి దించమంది. ఇప్పుడు ఇంట్లో రెండు ఇత్తడి గ్లాసులయ్యాయి. నా గ్లాసుతో ఆవిడ తాగుతుందేమోనని కొత్త భయం. మేకు తీసుకొని నా గ్లాసు అడుగున ఒక గీత గీశాను. రోజూ తోమేటప్పుడు ఆ గీత వేలికి తగిలేది.

మా మరిది ఏదో నాలుగు రోజులుండి పోదామని వచ్చాడు. వచ్చాక గొడవల వల్ల రైళ్లు ఆగిపోయాయి. రేపల్లె రైలుకి చివరి ఊరు. అక్కణ్ణించి ముందుకి ఎలాగూ పట్టాలు లేవు, ఆ రోజుల్లో వెనక్కీ లేనట్టే అయింది. బస్సులు కూడా తిరిగితే తిరిగినట్టు, లేకపోతే లేనట్టు. వాడు వసారాలో బల్ల వేసుకొని, గళ్ల కాగితాలు పరుచుకొని కూర్చున్నాడు. చుక్కలు పెట్టడం, ఆ చుక్కల మీదుగా ఒక వంకర గీత లాగడం.

"చుక్కల ముగ్గు బాగుంది మరిదీ. కాకపోతే నీకు మెలిక తిప్పడం రాదు. పెళ్లిచూపులకి వెళ్లినప్పుడు ఇది చూపించకు."

"ఇది ముగ్గు కాదు వదినా. మనిషి ఉంటాడా పోతాడా అన్నది."

"మా ముగ్గూ అంతే. వానొస్తే పోతుంది."

వాడు లెక్క వేసి క్యాన్సరు సంగతి చెబుతాడని వీధిలో పాకింది. మా వీధివాళ్లకి లెక్క వేసి జరగబోయేది చెప్పేవాడు ఒక్కడే తెలుసు, సిద్ధాంతి. ఎదురింటి తాత చొక్కా విప్పుకొని వచ్చి, వీపు వాడి వైపు తిప్పి కూర్చున్నాడు. ఆయన వీపు మీద ఎన్నో ఏళ్లుగా ఒక గడ్డ ఉంది.

"నాది పుష్యమి నక్షత్రం నాయనా. గడ్డది మాత్రం తెలియదు. అది పుట్టినప్పుడు ఎవరం చూసుకోలేదు."

"అలా కాదు తాతా. నా లెక్క ఒక మనిషి గురించి కాదు. అందరి గురించి."

"అందరి గురించీ నాకెందుకు? నా వీపు సంగతి చెప్పు."

వాడు వేలితో నొక్కి చూసి "ఇది కొవ్వుగడ్డలాగే ఉంది తాతా, బెంగపడకు, ఒకసారి డాక్టరుకి చూపించు" అన్నాడు. తాత లేచి చొక్కా తొడుక్కుంటూ "చూశావా అమ్మాయ్, పంచాంగం తెరవకుండా చెప్పాడు" అని సంబరంగా వెళ్లిపోయాడు. ఆ గడ్డకి నామకరణం ఎప్పుడు, అన్నప్రాసన ఎప్పుడు అని నేను వారం పాటు ఆయన్ని వదలలేదు. నోరు ఆ పని చేస్తూనే ఉంది. లోపల మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. వీడు చెబుతాడు. వీడికి తెలుసు.

కానీ ఎలా అడగడం? వాడికి అన్నం పెట్టాను, జ్వరం వస్తే తడిగుడ్డ వేశాను, ఉత్తరాల్లో తప్పులు పట్టుకొని ఏడిపించాను. ఆ ఒక్క మాట వాడి ఎదుట నా నోట్లోంచి ఎలా వస్తుంది? మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆయనకి చెబితే అది నిజమైపోతుందని భయం. నా ఒక్కదానికే తెలిసినంతసేపు, ఏమో, సబ్బు పెచ్చేనేమో.

మా అత్త పిల్లల్ని తీసుకొని పక్క వీధి పేరంటానికి వెళ్లిన రోజు, కాఫీ గ్లాసు వాడి బల్ల మీద పెట్టి ద్వారబంధానికి ఆనుకొని నిలబడ్డాను.

"మరిదీ, నీ లెక్క నాకు చెప్పు."

వాడు కళ్లద్దాలు తీసి చూశాడు. "నీకా?"

"నాకే. ఒకావిడ అనుకుందాం."

ఆ మాట నా నోట విని మా లెక్కల మాస్టారు ఎక్కడున్నా ఉలిక్కిపడి ఉంటారు.

"ఒకావిడకి ఒంట్లో కుంకుడుగింజంత గడ్డ ఉంది. నొప్పి లేదు. నీ చుక్కలు ఏమంటాయి?"

వాడికి ఎవరైనా అడగడమే పండగ. కాగితం తిప్పి నా వైపు పెట్టాడు. దొడ్లో ఎండుగడ్డి తాడు చుట్టి కట్టిన ధాన్యం పురి వైపు పెన్సిలు చూపించాడు.

"ఆ పురిలో ఎలుకలున్నాయి కదా. మన పిల్లి ఉంది. ఎలుకలు కొద్దిగా ఉన్నప్పుడు పిల్లి తింటూ ఉంటుంది, మనకి ఎలుకలున్నట్టే తెలియదు. అందరి ఒంట్లోనూ ఇది ఎప్పుడూ జరుగుతూనే ఉంటుందని కొందరి ఊహ. నీ ఒంట్లో, నా ఒంట్లో."

"మన సంగతి ఎందుకులే. ఆవిడ సంగతి చెప్పు."

"ఎలుకలు పెరిగాయనుకో. పిల్లి ఇంకాస్త ఎక్కువ తింటుంది. కానీ దాని కడుపెంత? కడుపు నిండితే ఎదురుగా ఎలుక పోతున్నా కదలదు. పడుకుంటుంది. ఎలుక పడుకోదు వదినా. అది పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. ఎన్ని ఎలుకల దాకా పిల్లి గెలుస్తుంది, ఎక్కణ్ణించి ఇక గెలవలేదు, నేను వెతికేది ఆ హద్దు."

వాడు కాగితం మీద అడ్డంగా ఒక గీత గీశాడు. దాని కింద నుంచి బయల్దేరిన వంపు నేలకి దిగిపోయింది. దాని పైనుంచి బయల్దేరిన వంపు కాగితం అంచు దాకా ఎక్కి, ఇంకా పైకి పోవడానికి చోటు లేక ఆగింది.

"ఆవిడ గీతకి ఎటు పక్క ఉంది?"

"అది నాకెలా తెలుస్తుంది? ఆవిణ్ణి చూడందే డాక్టరైనా చెప్పలేడు."

నేను పురి వైపు చూశాను. పిల్లి ఎండలో కాళ్లు చాపుకొని పడుకొని ఉంది. కడుపు ఎత్తుగా ఉంది. లేచే ఉద్దేశం ఉన్నట్టు లేదు.

"గడ్డ వేలితో నెడితే కదులుతుందా, అతుక్కుపోయినట్టు ఉందా? ఆవిణ్ణి అడిగావా?" అన్నాడు.

"అడిగొస్తా."

దొడ్డిదోవన బయటికి వెళ్లాను. తడికల గదిలో దూరి, చెయ్యి పెట్టి చూసుకున్నాను. వేళ్లు చల్లబడిపోయి ఏదీ సరిగ్గా తెలియలేదు. వెంటనే వెళితే అనుమానం వస్తుందని పశువుల కొట్టం వెనక కాసేపు నిలబడ్డాను. గేదె నా వైపు చూస్తూ నెమరు వేసింది. దానికి తెలిసిపోయిందనిపించింది.

"కదిలీ కదలనట్టు ఉందంట" అన్నాను వచ్చి.

వాడు పెన్సిలు కింద పెట్టాడు. "ఎక్కడుంది గడ్డ?"

"ఆడ డాక్టరుకే చూపించాల్సిన చోట."

వాడి చెవులు ఎర్రబడ్డాయి. కాగితం వైపు చూస్తూనే అన్నాడు. "అయితే పైన చర్మం ఎక్కడైనా సొట్ట పడిందేమో చూసుకోమను. చంకలో ఇంకేమైనా తగులుతుందేమో కూడా."

మళ్లీ వెళ్లాను. సొట్ట లేదు. చంకలో ఏమీ తగల్లేదు. ఏమీ తగల్లేదని ఏడుపొచ్చింది. మొహం కడుక్కొని, కొట్టం వెనక ఆగడం కూడా మరిచిపోయి వచ్చేశాను.

"లేవంట. రెండూ లేవంట."

"ఆవిడ ఇల్లెక్కడ వదినా?"

"రైలుకట్ట అవతల."

"ఇంతలోనే వెళ్లొచ్చావా?"

"గబగబా నడిచాను."

"చెప్పుల్లేకుండా?"

నా చెప్పులు వాడి బల్ల పక్కనే, గుమ్మం దగ్గర ఉన్నాయి. ఇప్పుడు నవ్వుతాడు, నేనూ ఏదో ఒకటి అంటాను, గండం గడుస్తుంది అనుకున్నాను. వాడు నవ్వలేదు.

"వదినా, ఎదురింటి తాత గడ్డ మీద నువ్వు వారం రోజులు జోకులు వేశావు. రేడియో మీద వేశావు. ఆగిపోయిన రైళ్ల మీద కూడా వేశావు. ఈవిడ గురించి ఒక్కటంటే ఒక్కటి వెయ్యలేదు."

నోరు తెరిచాను. ఏదో ఒకటి వస్తుందనే తెరిచాను. ఎప్పుడూ వచ్చేది. ఆ రోజు రాలేదు. గడప మీద కూలబడ్డాను. గడప మీద కూర్చోకూడదని మా అత్త రోజుకోసారి అరుస్తుంది. వాడు ఆ మాట అనలేదు. బల్ల మీద గళ్ల కాగితాలన్నీ ఒక్కొక్కటే బోర్లించి పెట్టాడు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది. సంగతి తెలిసినవాడే కాగితాలు దాచేస్తున్నాడంటే, ఆ తెలిసిన సంగతి ఎలాంటిదో.

"నేను గీతకి ఎటున్నానో లెక్క వెయ్యి" అన్నాను.

"నా లెక్క ఒక మనిషి గురించి కాదు వదినా. అందరి..."

"అందరి గురించీ నాకెందుకు?"

తాత అన్న మాటే. ఆయన అన్నప్పుడు నవ్వాను.

వాడు "అన్నయ్యకి చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను" అన్నాడు.

"నువ్వే చెప్పు. నేను చెబితే వేళాకోళమనుకుంటారు."

ఆ సాయంత్రం మా ఆయన ధాన్యం మిల్లు నుంచి వచ్చాక అన్నదమ్ములిద్దరూ కాలవ గట్టు వైపు వెళ్లారు. వచ్చి ఇద్దరూ కాళ్లు కడుక్కున్నారు. నేను వడ్డించాను. మా ఆయన మామూలుగానే మాటలు తక్కువ మనిషి. ఆ రోజు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "నీ గ్లాసేదే?" అన్నారు.

నీళ్ల బిందె పక్కన బోర్లించిన ఇత్తడి గ్లాసు చూపించాను. ఆయన ఎడం చెయ్యి చాచి తీసుకున్నారు. అడుగున నా గీత కనపడింది. నీళ్లు ముంచుకొని అంచు కరిచి మరీ తాగారు. మళ్లీ ముంచుకొని మళ్లీ తాగారు.

"వీడికీ పట్టిందిరా ఇత్తడి పిచ్చి" అంది మా అత్త.

అది అంటుకునే జబ్బు కాదని తమ్ముడు ఆయనకి చెప్పాడో లేదో నేను అడగలేదు. చెప్పకుండానే తాగారనుకోవడం నాకిష్టం. ఆ రాత్రి చిన్నదాన్ని తెచ్చి మళ్లీ నా పక్కన పడుకోబెట్టుకున్నాను. అది తన్నింది. తన్ననిచ్చాను.

ఆ తరువాత రైలు కోసం చూడడం. మా ఆయన రోజూ పొద్దున్నే స్టేషనుకి వెళ్లి వచ్చేవారు. సైకిలు చప్పుడు కాగానే నేను గుమ్మంలోకి వచ్చేదాన్ని. ఆయన తల అడ్డంగా ఊపేవారు. రోజు గడుస్తున్న కొద్దీ పురిలో ఎలుకలు పెరుగుతున్నట్టే ఉండేది. రాత్రుళ్లు నిజంగానే వాటి చప్పుడు వినపడేది. గడ్డ ఏ రోజు ఎంత ఉందో చూసుకోవద్దని మరిది చెప్పాడు. చూసుకోకుండా ఉండలేకపోయేదాన్ని. పెరిగినట్టే ఉండేది, పెరగనట్టే ఉండేది. ఒకరోజు మా ఆయన సైకిలు ఇంకా ఆగకుండానే "పాసింజరు వస్తుందంట, పద" అన్నారు. బాపట్లలో ఉన్న మా ఆడపడుచుకి ఒంట్లో బాగాలేదని మా అత్తకి అబద్ధం చెప్పి ముగ్గురం బయల్దేరాం.

తెనాలిలో రైలు మారాలి. ప్లాట్‌ఫారం మీద కూర్చుంటే మా పుట్టింటి వైపు రోడ్డు కనపడుతూ ఉంటుంది. నేను అటు వీపు పెట్టి కూర్చున్నాను. "మీ అమ్మ వాళ్లకి కబురు చేద్దామా" అన్నారు మా ఆయన. వద్దన్నాను. నా కళ్ల ముందు వెనక గది, వేపమండలు.

బాపట్లలో మా ఆడపడుచుకి తెలిసిన ఒక లేడీ డాక్టరుగారు ఉన్నారు. పెద్దావిడ, పదవీ విరమణ అయ్యాక ఇంట్లోనే చూసేవారు. తెల్ల చీర, మెడలో చిన్న శిలువ, చేతులు సబ్బు వాసన. మగవాళ్లిద్దర్నీ వరండాలో కూర్చోబెట్టి నన్ను లోపలికి పిలిచారు.

"ఎన్నాళ్లైందమ్మా?"

"రైళ్లు ఆగకముందు నుంచేనండి."

"రైళ్లకీ దీనికీ ఏంటమ్మా?"

"రెండూ కదలనంటున్నాయండి."

ఇన్నాళ్లకి దాని మీద మొదటి జోకు. నాకే ఆశ్చర్యం వేసింది. ఆవిడ నవ్వలేదు. "నవ్వించడం తరువాత. ముందు ఊపిరి లోపలికి తీసుకో" అన్నారు. చల్లటి వేళ్లు. కళ్లు మూసుకొని, తల పక్కకి తిప్పి, గోడ అవతల మాటలు వింటున్నట్టు నొక్కి చూశారు. చేతులు కడుక్కుంటూ "దీన్ని తీయించాలమ్మా. తీసిన ముక్క పరీక్షకి పంపాలి. తెనాలిలో సర్జనుకి చీటీ రాసిస్తాను. ఇంటికి పోయి ఆలోచించుకుంటామని మాత్రం అనకండి" అన్నారు.

ఇంటికి పోలేదు. తెనాలి నర్సింగ్‌హోములో గడ్డ తీశారు. సీసాలో వేసి ముక్కని గుంటూరు పంపారు. జవాబు వచ్చేదాకా అక్కడే ఉండమన్నారు. ఇక దాచడం కుదరక మా అమ్మకి కబురు వెళ్లింది. అమ్మ వచ్చి, ఏడవకుండా మంచం పక్కన కూర్చొని, సంచీలోంచి ఒక కంచం, ఒక గ్లాసు తీసి కిటికీలో పెట్టింది. కొత్తవి. మిగతావాళ్లకి తెచ్చిన కంచాలు వేరే సంచీలో ఉన్నాయి. ఏ జబ్బో ఇంకా ఎవరూ ఆవిడకి చెప్పలేదు, ఇలా చెయ్యమని అసలే చెప్పలేదు. నేను ఆ కిటికీ వైపు చూడకుండా పడుకున్నాను. మా ఆయన టిఫిన్ తెచ్చి, ఆ కొత్త కంచంలో పెట్టుకొని తనే తిన్నారు. మర్నాటి నుంచి అమ్మ రెండో సంచీ విప్పలేదు, ఉన్న కంచంలోనే అందరం తిన్నాం.

గుంటూరు నుంచి కాగితం వచ్చిన రోజు వరండాలో సర్జనుగారు, మా ఆయన, మరిది గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. గొంతు తగ్గితే చాలు, నాకు తెలిసిపోయింది. ఇప్పుడు లోపలికి వచ్చి తగ్గుముఖం పట్టిందంటారు అనుకున్నాను. నేనూ పెద్దమ్మలాగే అవునంటాను. ఎవర్నీ అడగను. తలుపు తీసుకొని మరిది ఒక్కడే వచ్చాడు. స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"అదే వదినా. క్యాన్సరే."

మా వంశంలో ఆ మాట ఆ రోగం వచ్చిన మనిషి మొహం మీద చెప్పిన మొదటివాడు వాడు. బయట అమ్మ "అయ్యో, దానికి చెప్పేశాడు" అనడం వినపడింది. నాకు భయం వేసింది. అయినా ఆ భయంలో ఒక తేడా ఉంది. ఇన్నాళ్లూ చీకట్లో ఏదో ఉందని భయం. ఇప్పుడు దీపం పెట్టి చూపించారు, అది ఉంది.

"చిన్నదిగా ఉండగా దొరికింది. ఇంకో ఆపరేషను చేసి రొమ్ము మొత్తం తీసేస్తామంటున్నారు."

"మరి పిల్లి?"

వాడికి వెంటనే అర్థమైంది. "కత్తి ఎలుకల్ని తగ్గిస్తుంది. ఎక్కడైనా ఒకటీ అరా మిగిలితే వాటిని పిల్లే తినాలి."

"తింటుందా?"

"తెలియదు వదినా."

అబద్ధం చెప్పి ఉంటే బాగుండుననిపించింది. చెప్పి ఉంటే వాణ్ణి జన్మలో నమ్మేదాన్ని కాదు.

రెండో ఆపరేషను అయింది. దాని గురించి రాయను. ఎడమ చెయ్యి పైకెత్తి జడ వేసుకోవడానికి చాలా కాలం పట్టింది. అప్పటిదాకా మా అత్త వేసేది, సంగతంతా తెలిశాక కూడా ఒక్కమాట అడక్కుండా, నూనె ఓడుతూ ఉండేలా. మరిది మద్రాసు వెళ్లిపోయాడు. మళ్లీ ఎండాకాలం సెలవులకి వచ్చాడు. అప్పుడడిగాను.

"నన్ను ఆ కాగితం మీద వేశావా, నిజం చెప్పు."

"వేద్దామని కూర్చున్నాను. నువ్వు చెప్పిన కుంకుడుగింజకి ఒక చుక్క పెట్టాను. రెండో చుక్క పెట్టడానికి చెయ్యి రాలేదు."

"ఇంజనీరువి కదరా."

"అది వేరు వదినా."

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. ఇది రాస్తున్నానంటే నేను గీతకి ఎటు పక్కన తేలానో చదివేవాళ్లకి తెలిసే ఉంటుంది. నాకు మాత్రం తెలిసినట్టు ఉండదు. ఇప్పటికీ స్నానం చేస్తుంటే చెయ్యి తనంతట తను పోయి వెతికి వస్తుంది. ఆపరేషనయ్యి ఇంటికి వచ్చిన ఆ మొదటి ఏడు మరీ కష్టంగా ఉండేది. మా అత్తకి పిల్లి అంటే ప్రాణం, మిగిలిన పాలూ పెరుగన్నం దాని ముందు పెట్టేది. నేను ఆవిడ చూడకుండా ఆ గిన్నె తీసేసేదాన్ని. పిల్లి అలిగి వెళ్లి ఎండలో పడుకునేది. నేను కుడిచేత్తో దాన్ని ఎత్తుకొని, కళ్లు నులుముకుంటున్న దాన్ని తీసుకెళ్లి పురి దగ్గర నిలబెట్టేదాన్ని. కాసేపయ్యాక చూస్తే మళ్లీ పడుకొని ఉండేది. మళ్లీ లేపేదాన్ని.

మా అత్త ఒకరోజు వసారాలోంచి చూసింది.

"ఏంటమ్మాయ్, ఆ నోరులేని దాన్ని కాసేపు కన్ను మూయనివ్వవు?"

"దానికి పనుందత్తయ్యా" అన్నాను.